పడవలో టాయిలెట్ ట్యాంకు: స్టీలా, ప్లాస్టిక్కా?

ప్రశ్న: నేనూ మా బావమరిదీ కలిసి పాత ఫైబర్ పడవ ఒకటి కొని, టూరిస్టుల కోసం బాగు చేయిస్తున్నాం. అందులో చిన్న టాయిలెట్ కూడా వస్తుంది. మురుగు నిలవ ఉండే ట్యాంకును 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయిస్తే జీవితాంతం ఉంటుందని వెల్డర్ అంటున్నాడు. మేడ మీద మంచినీళ్లకి పెట్టే నల్లటి ప్లాస్టిక్ ట్యాంకుల్లో చిన్నది తెచ్చి బిగిస్తే పోలా అని మా బావమరిది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, రాయపురం, చెన్నై

జవాబు: ఇద్దరి మాటా వినొద్దు. కాకపోతే మీ బావమరిది సగం దారి వచ్చాడు, ఆయనతో గొడవ పెట్టుకోకండి.

316 మంచి స్టీలే, పడవ రెయిలింగుకి నిక్షేపంగా వాడుకోండి. స్టెయిన్‌లెస్‌ని తుప్పు నుంచి కాపాడేది దాని మీదుండే పలచని ఆక్సైడ్ పొర, అది నిలవాలంటే ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. ట్యాంకు అడుగున మడ్డి పేరుకున్న చోట ఆక్సిజన్ ఎక్కడుంటుంది? దానికి తోడు మూత్రంలో ఉప్పు, సముద్రపు నీళ్లతో ఫ్లష్ చేస్తే మరింత ఉప్పు, కుళ్లేటప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. రేకు బయటికి తళతళలాడుతూనే ఉంటుంది, వెల్డింగ్ అతుకుల పక్కన మాత్రం సూదిమొనంత చిల్లులు పడతాయి. అల్యూమినియం సంగతి ఇంకా అన్యాయం.

కావాల్సింది మందపాటి పాలిథిలిన్ ట్యాంకు, అదీ మురుగు కోసమే చేసింది, గోడ 9, 10 మిల్లీమీటర్లుంటే నిశ్చింత. మేడ మీది ట్యాంకూ ప్లాస్టిక్కే కదా అంటారేమో, అది చదునైన చోట కదలకుండా కూర్చోవడానికి చేసింది. 100 లీటర్లంటే 100 కిలోల బరువు, అల వచ్చినప్పుడల్లా గోడలకేసి కొడుతుంది. అసలు తంటా పైపుల దగ్గర. మనవాళ్లు బెజ్జం పెట్టి, పైపు దూర్చి, చుట్టూ ఎంసీల్ మెత్తేస్తారు. పాలిథిలిన్‌కి ఎంసీలూ సరిగ్గా పట్టదు, పీవీసీ గమ్మూ పట్టదు. కావాలంటే పాత నీలం డ్రమ్ము మీద కాస్త పూసి, ఆరాక గోటితో లేపి చూడండి, పెచ్చులా ఊడొస్తుంది. అందుకే అదే ప్లాస్టిక్ ఫిట్టింగుల్ని వేడితో అతికించిన ట్యాంకే తీసుకోండి. బెజ్జాలన్నీ పైభాగంలోనే ఉండాలి, ఖాళీ చేసే పైపు కూడా పైనుంచి అడుగు దాకా దిగాలి, అప్పుడు అతుకు వదిలినా మురుగు పడవలోకి కారదు. బిగించే ముందు నిండా నీళ్లు పోసి రెండు మూడు రోజులు ఒడ్డునే ఉంచండి. నిండితే కాస్త ఉబ్బుతుంది, చుట్టూ చోటు వదలండి.

మీ మూలకి సరిపడే సైజు దొరక్కపోతే ఫైబర్‌తో చేయించొచ్చు, కానీ మామూలు పాలిస్టర్ రెజిన్ కాకుండా వినైల్ ఎస్టర్ గానీ ఎపాక్సీ గానీ వాడమనండి. ఖర్చు కలిసొస్తుందని పడవ గోడనే ట్యాంకు గోడగా కలిపేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న: మా పడవలో ట్యాంకు మంచిదే, ఎక్కడా లీకు లేదు. అయినా కంపు కొడుతోంది. ట్యాంకు మార్చాలా?
– మరో పాఠకుడు, చెన్నై

జవాబు: ముందు గొట్టాలు చూడండి. పాత రబ్బరు గొట్టంలోంచి చుక్క కారకపోయినా వాసన బయటికి ఊరుతుంది. వేడినీళ్లలో పిండిన గుడ్డతో గొట్టాన్ని రుద్ది, గుడ్డ చల్లారాక వాసన చూడండి. గుడ్డ కంపు కొడితే మార్చాల్సింది గొట్టమే. అదీ కాదంటే గాలి పైపు సన్నగా ఉండి ఉంటుంది. 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా, వంకర్లు లేకుండా పొట్టిగా వేయించండి, లోపలికి గాలి ఆడితే ఆ కుళ్లు వాసన చాలావరకు పుట్టదు.