రిపోర్టులో ‘పోస్ట్ ట్రామాటిక్’ అని ఉంటే మానసిక జబ్బేనా?

ప్రశ్న: బైకు ప్రమాదంలో నాన్నగారి మోకాలి దగ్గర ఎముక విరిగింది. రెండేళ్లకు మళ్లీ నొప్పి అంటే రిపోర్టులో ‘పోస్ట్ ట్రామాటిక్ ఆర్థరైటిస్’ అని రాశారు. మా ఆఫీసులోనేమో మీటింగ్‌లో చీవాట్లు పడినా ‘పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) వచ్చేసింది’ అంటారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదండీ. నాన్నగారిది కీలు సమస్య. పోస్ట్ అంటే తర్వాత. వైద్యుల ఇంగ్లిష్‌లో ట్రామా అంటే ఒంటికి తగిలిన దెబ్బ కూడా. ఎముక పగులు కీలులోకి పాకి, అక్కడ ఎముకల చివర ఉండే మెత్తటి పొర (మృదులాస్థి) దెబ్బతింటే, ఎముక అతుక్కున్నా తర్వాత అరుగుదల మొదలవుతుంది. తలకు దెబ్బ తగిలాక వచ్చే మూర్ఛకూ ‘పోస్ట్ ట్రామాటిక్’ అనే చేరుస్తారు.

పీటీఎస్‌డీ మాత్రం భయంకరమైన ఘటన తర్వాత మనసుకు వచ్చే జబ్బు. దీన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన జబ్బుల జాబితాలో చేర్చింది. మీ ఆఫీసువాళ్ల మాటకు ‘తలచుకుంటేనే చిరాకు’ అని మాత్రమే అర్థం. చీవాట్లతో ఆ జబ్బు రాదు. ప్రాణాపాయం, తీవ్ర గాయం, లైంగిక హింస లాంటివి ఎదుర్కొని, కళ్లారా చూసి లేదా దగ్గరివారికి జరిగిందని తెలిసి ఉండాలి. పీడకలలు, అది జరిగిన చోటికి వెళ్లకుండా తప్పించుకోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతేనే ఆ పేరు పెడతారు. సరదాకి వాడితే నిజంగా బాధపడేవారి మాట తేలికైపోతుంది. దయచేసి మానమనండి.

నాన్నగారు ప్రమాదం జరిగిన దారిని తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నారా? హారన్ వింటే బిగుసుకుపోతున్నారా? అలాగైతే మోకాలితో పాటు మానసిక వైద్యుడికీ చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.