ఎలక్ట్రిక్ కార్లు నిజంగా మేలు చేస్తాయా? మా అమ్మాయి ఆ రంగంలోకి వెళ్ళొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీలు తయారుచేసే కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. మొదట్లో ఎగిరి గంతేసింది. ఈ మధ్య ఏవో వీడియోలు చూసి, ‘ఇక్కడి పొగను ఇంకోచోటికి మార్చడమే ఇదంతా. గనుల్లో జరిగేది తెలిశాక నేను అందులో పనిచేయలేను’ అంటోంది. పర్యావరణం మీద ఇష్టంతోనే ఈ చదువు ఎంచుకుంది కాబట్టి గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఇందులో నిజమెంత? తనకు ఏం చెప్పమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట. ‘ఆ వీడియోలన్నీ అబద్ధం’ అని మాత్రం మీ అమ్మాయితో అనకండి. వాటిలో చాలావరకు నిజమే ఉంటుంది, అందుకే అవి అంతగా మనసుకు పట్టుకుంటాయి. బ్యాటరీ తయారీకి బోలెడు కరెంటు, వేడి కావాలి. అందువల్ల ఎలక్ట్రిక్ కారు ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికే పెట్రోలు కారుకన్నా ఎక్కువ కార్బన్ అప్పు చేసి ఉంటుంది. ఆ అప్పు ఎంత, ఎన్ని కిలోమీటర్లకు తీరుతుంది అన్నది చాలా వీడియోలు చెప్పవు.

ఆ లెక్క తననే కాగితం మీద వేయమనండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముడిచమురు తోడడం, శుద్ధి చేయడం, బంకు దాకా తేవడం కలిపితే 2.8 దాకా అనుకోవచ్చు. 100 కిలోమీటర్లకు 6 లీటర్లు తాగే కారైతే దాదాపు 17 కిలోలు. అదే సైజు ఎలక్ట్రిక్ కారుకు, చార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుని, 18 యూనిట్లు వేసుకుందాం. ఆ కరెంటు మొత్తం బొగ్గుదే అయితే యూనిట్‌కు సుమారు కిలో చొప్పున 18 కిలోలు. అంటే లాభం లేదు, బ్యాటరీ అప్పు ఎప్పటికీ తీరదు. మీ అమ్మాయి చూసిన వీడియో ఈ ఒక్క లెక్క దగ్గర ఆగి ఉంటే అది చెప్పింది నిజమే.

సగం బొగ్గు, మిగతా సగం గాలి, నీరు, ఎండ, అణువిద్యుత్తు అయితే అది 9 కిలోలకు దిగుతుంది. ప్రతి 100 కిలోమీటర్లకు 8 కిలోలు మిగులుతాయి. 60 యూనిట్ల బ్యాటరీ తయారీకి, ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 80 కిలోల చొప్పున, 4,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందనుకుంటే 60 వేల కిలోమీటర్ల దగ్గర అప్పు తీరుతుంది. దాదాపు కరెంటంతా జలవిద్యుత్తే అయిన నార్వేలో 30 వేల లోపే తీరిపోతుంది. కారు జీవితకాలంలో లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరగడం మామూలే కాబట్టి ఆ తర్వాతిదంతా లాభమే.

ఆ 80 అనే అంకె దగ్గరే పెద్ద గొడవంతా. స్వీడన్‌లోని ఐవీఎల్ పర్యావరణ పరిశోధన సంస్థ 2017లో దాన్ని 150 నుంచి 200 కిలోలుగా అంచనా వేసింది. ప్రపంచమంతా ఆ అంకెనే పట్టుకుంది. 2019లో అదే సంస్థ కొత్త సమాచారంతో మళ్ళీ లెక్కకట్టి 61 నుంచి 106కు తగ్గించింది. సవరణకు మొదటి అంకెకు వచ్చినంత ప్రచారం రాలేదు, ఎప్పుడూ జరిగేదే ఇది. మీ అమ్మాయి చూసినవాటిలో ఏ సంవత్సరం అంకె వాడారో ఒకసారి చూడమనండి.

తయారీ నుంచి తుక్కు దాకా మొత్తం లెక్కను ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆన్ క్లీన్ ట్రాన్స్‌పోర్టేషన్ 2021లో వేసింది. మధ్యతరహా ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలు పెట్రోలు కారుకన్నా యూరప్‌లో 66–69 శాతం, అమెరికాలో 60–68, చైనాలో 37–45, భారత్‌లో 19–34 శాతం తక్కువని తేలింది. ఈ తేడాలో పెద్ద వాటా కరెంటుదే. పైగా గ్రిడ్‌లో బొగ్గు తగ్గేకొద్దీ ఇప్పటికే రోడ్డు మీదున్న ఎలక్ట్రిక్ కారు కూడా మెరుగవుతూ పోతుంది. పెట్రోలు ఇంజిన్‌కు ఆ అవకాశం లేదు.

ఇక గనులు. ఈ విషయంలో తన బాధ న్యాయమైనదే. చాలా బ్యాటరీల్లో కోబాల్ట్ అనే లోహం వాడతారు, ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం కాంగో నుంచి వస్తోంది. అక్కడి చిన్న గనుల్లో పిల్లల చేత కూడా పనిచేయించారన్నది కట్టుకథ కాదు. చిలీలోని అటకామా ఎడారిలో లిథియం కోసం ఉప్పునీటిని తోడి ఎండబెట్టడం వల్ల నీటి మీద వచ్చే ఒత్తిడి కూడా నిజమే. అయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో కోబాల్ట్, నికెల్ అసలుండవు, అవి ఇప్పటికే కోట్ల కొద్దీ వాడకంలో ఉన్నాయి. ఇంకొకటి, పెట్రోలు ఒకసారి కాలితే పోయినట్టే. బ్యాటరీలోని లోహం ఎక్కడికీ పోదు, వెనక్కి తీయొచ్చు.

ఎలా తీయాలన్నది అచ్చంగా మీ అమ్మాయి చదువే. వాడేసిన బ్యాటరీలను పొడి చేస్తే వచ్చే నల్లటి పదార్థాన్ని ఈ రంగంలో ‘బ్లాక్ మాస్’ అంటారు. దాన్ని ఆమ్లంలో కరిగించి, సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌తో, అంటే ఒక్కో లోహాన్ని వేరే ద్రవంలోకి లాగే పద్ధతితో, లోహాలను విడదీస్తారు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ చేసేవాళ్ళు 2027 చివరికి లిథియంలో 50 శాతం, 2031 చివరికి 80 శాతం వెనక్కి తీయాలి. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి నుంచి డిజిటల్ పాస్‌పోర్ట్ (బ్యాటరీ వివరాలుండే ఎలక్ట్రానిక్ రికార్డు) కూడా ఉండాలి. ఆ పనులు చేసిపెట్టే మనుషులు కావాలి కదా.

ఫ్యాక్టరీ లోపలి సంగతి కూడా తనకు చెప్పండి. బ్యాటరీలోని కాథోడ్ (ప్లస్ వైపు ఎలక్ట్రోడ్) పూతలో వాడే ఎన్‌ఎంపీ అనే ద్రావణిని (సాల్వెంట్‌ను) ఆరబెట్టి పట్టుకోవడానికి, తేమ లేని గదులు నడపడానికి కరెంటులో పెద్ద వాటా పోతుంది. ఆ ద్రావణి ఆరోగ్యానికీ మంచిది కాదు. దాన్ని తగ్గించే పొడి పూత పద్ధతుల మీద కంపెనీలు ఇప్పుడు పోటీపడుతున్నాయి. తనకు కోపం తెప్పించిన ఆ కార్బన్ అప్పు తగ్గేది ఇక్కడే.

టైర్ల ధూళి గురించి కూడా అడుగుతుందేమో. ఎలక్ట్రిక్ కార్లు బరువెక్కువ కాబట్టి టైర్లు కాస్త ఎక్కువ అరుగుతాయి, మోటారే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి బ్రేకుల ధూళి తక్కువ. నా అభిప్రాయం అడిగితే, పెట్రోలు కారుకన్నా ఎలక్ట్రిక్ కారు మేలు, రెండింటికన్నా బస్సు, రైలు మేలు. భారీ బ్యాటరీతో ఒక్క మనిషిని మోసుకెళ్ళే పెద్ద ఎస్‌యూవీని పర్యావరణహితం అనడానికి నాకు నోరు రాదు.

ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళమనే నా సలహా. కొన్ని నెలల పనే, జీవితమంతా రాసిచ్చినట్టు కాదు. చేరే ముందు కంపెనీని నాలుగు మాటలు అడగమనండి: ప్లాంటుకు కరెంటు ఎక్కడిది, ద్రావణిని ఎంతవరకు తిరిగి వాడతారు, తయారీలో పాడైన సెల్స్ ఎక్కడికి పోతాయి, కోబాల్ట్ వాడితే ఏ గని నుంచి తెస్తారు. దాటవేస్తే ఆ కంపెనీ గురించి తనకు కొంత తెలిసినట్టే.

అప్పటికీ వద్దంటే బలవంతం చేయకండి. ఇలాంటి లెక్కలు వేయడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళున్నారు, లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు. ఆ లెక్కలు ఎలా వేయాలో చెప్పే ఐఎస్‌ఓ 14040, 14044 అంతర్జాతీయ ప్రమాణాలు చదివి, ఉచితంగా దొరికే ఓపెన్‌ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్‌లో ఒక బ్యాటరీ లెక్క సొంతంగా చేసి చూపిస్తే రెజ్యూమెలో బాగా నిలుస్తుంది. రంగం దెబ్బతింటే ఎలా అన్న టెన్షన్ మీకుంటే, లోహాలను విడదీసే నైపుణ్యం రాగి, నికెల్ పరిశ్రమల్లోనూ పనికొస్తుంది.

చేరితే, విభాగం ఎంచుకునే వీలుంటే ఎలక్ట్రోడ్ పూత గానీ స్క్రాప్ రికవరీ గానీ అడగమనండి. సెల్స్‌ను బిగించి బ్యాటరీగా కూర్చే ప్యాక్ అసెంబ్లీలో కెమికల్ వాళ్ళు నేర్చుకునేది తక్కువ.