జాతీయ అడవుల్లో ఉచిత క్యాంపింగు: స్థలం వెతుక్కునే పద్ధతి

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్ళు వేసవి దగ్గర పడుతున్నప్పుడు తరచుగా అడిగే సందేహం ఇది. పేరున్న నేషనల్ పార్కుల్లో క్యాంపు స్థలాలు బుకింగు తెరిచిన కొద్ది నిమిషాల్లోనే అయిపోతున్నాయి, ప్రైవేటు క్యాంపుగ్రౌండ్లలో అద్దెలు ఎక్కువగా ఉన్నాయి, అడవిలో డబ్బు కట్టకుండా టెంటు వేసుకోవచ్చని ఆఫీసులో ఎవరో చెప్పారు, అది నిజమేనా, అర్ధరాత్రి ఎవరైనా వచ్చి లేపి పంపెయ్యరా అని. నిజమే, చట్టం ఒప్పుకున్నదే. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట బండ్లను ఆపేయడం చూసిన మనకు, ప్రభుత్వ అడవిలో అనుమతి పత్రం లేకుండా నిద్రపోవచ్చంటే నమ్మబుద్ధి కాదు. ఇక్కడి ఫారెస్ట్ సర్వీసు మాత్రం దీనికి డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అని పేరు పెట్టి మరీ అనుమతిస్తుంది. కొళాయి, మరుగుదొడ్డి, చెత్తడబ్బా, బల్ల, ఏవీ ఉండవు. అందుకే రుసుమూ ఉండదు.

ముందుగా తేల్చుకోవలసింది ఆ నేల ఎవరిదన్నది. నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు ఒకటి కావు. పార్కుల్లో వాళ్ళు కేటాయించిన చోటనే, లేదా ప్రత్యేక పర్మిట్టుతోనే రాత్రి ఉండాలి. ఉచితంగా ఉండే వీలున్నది ప్రధానంగా రెండు శాఖల భూముల్లో: వ్యవసాయ శాఖ కింద ఫారెస్ట్ సర్వీసు చూసే సుమారు 19.3 కోట్ల ఎకరాలు, ఇంటీరియర్ శాఖ (ఇది మన హోం శాఖ వంటిది కాదు, ప్రభుత్వ భూములను చూసేది) కింద బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసే 24 కోట్లకు పైగా ఎకరాలు. ఉదాహరణకు గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచున పార్కు లోపల స్థలం దొరకనివారు గేటు దాటి టుసాయన్ వైపు వస్తే కైబాబ్ నేషనల్ ఫారెస్టు ఉంటుంది. అక్కడి మట్టి రోడ్ల పక్కన ఉచితంగా ఆగవచ్చు. అయితే పశ్చిమాన కొన్ని ప్రాంతాల్లో, పందొమ్మిదో శతాబ్దంలో రైలు కంపెనీలకు చదరపు మైలు విడిచి చదరపు మైలు భూమి ఇచ్చినందువల్ల, ప్రభుత్వ నేల, ప్రైవేటు నేల చదరంగం బల్లలాగా కలగలిసి ఉంటాయి. చెట్లను చూసి తేడా కనుక్కోలేము, భూమి హద్దులు చూపించే మ్యాపు ఉండాలి.

తూర్పున, దక్షిణాన ఉండేవారికి ఇంత విశాలమైన అవకాశం లేదు. టెక్సాస్‌లో నేల అధిక భాగం ప్రైవేటుది. హ్యూస్టన్‌వారికి దగ్గరలో శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్టు ఉంది గాని, జింకల వేట కాలంలో అక్కడ నిర్దేశించిన క్యాంపుల్లోనే ఉండాలి. అట్లాంటావారికి చాటహూచీ, నార్త్ కరోలినావారికి పిస్గా, నాంటహాలా అడవులు ఉన్నాయి. న్యూజెర్సీలో నేషనల్ ఫారెస్టే లేదు. అక్కడివారు న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన అడిరాండాక్ అడవుల వైపు చూడడం మంచిది. అక్కడ పసుపు బిళ్ళ కొట్టి గుర్తు పెట్టిన స్థలంలోనైనా ఉండాలి, లేదా రోడ్డుకు, కాలిబాటకు, నీటికి 150 అడుగుల దూరంలోనైనా ఉండాలి. ఒకేచోట మూడు రాత్రులు దాటినా, గుంపు పదిమందికి చేరినా పర్మిట్టు కావాలి. మనం రెండు మూడు కుటుంబాలు కలిసి బయలుదేరామంటే పదిమంది ఇట్టే అవుతాం కాబట్టి ఈ నియమం గుర్తుంచుకోదగినది.

నేల ఎవరిదో తెలిసిన తరువాత చూడవలసినది మోటార్ వెహికల్ యూజ్ మ్యాపు. 2005లో వచ్చిన నియమం ప్రకారం ఒక్కొక్క అడవికి తయారుచేసిన ఈ నలుపు తెలుపు పటం, రేంజరు (అటవీ అధికారి) కార్యాలయంలోనూ అవెంజా అనే ఫోను యాప్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. చూడడానికి ఏమీ బాగుండదు, కొండలూ లోయలూ కనబడవు. కానీ చట్టపరంగా చెల్లేది ఇదే. ఇందులో గీత లేని రోడ్డు నేల మీద ఎంత చక్కగా కనబడినా బండికి మూసినట్టే లెక్క. రోడ్డు గీత వెంట చుక్కలు ఉంటే, క్యాంపు కోసం ఆ రోడ్డు పక్కకు బండి దించవచ్చునని అర్థం. ఎంత దూరం వరకన్నది, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఆ రోడ్డు తెరిచి ఉంటుందన్నది పటం మీది పట్టికల్లో ఉంటాయి.

ఆ పైన రేంజరు డిస్ట్రిక్టు కార్యాలయానికి ఫోను చేయండి. యాసను చూసి నవ్వుతారేమోనని కొత్తవాళ్ళు ఈ ఒక్క పని మానేసి, ఎవరో రెండేళ్ళ కిందట యాప్‌లో పెట్టిన ఫోటోను నమ్ముకుని వెళ్తారు. నా అభిప్రాయంలో క్యాంపు స్థలాలు చూపే ఇలాంటి యాప్‌లు చివరగా చూడవలసినవి, ఎందుకంటే అవి అందరూ వెళ్ళే చోటుకే అందరినీ పంపుతాయి, నిన్న వెలువడిన మూసివేత ఉత్తర్వు వాటికి తెలియదు. ఫోనులో అడగవలసినవి కొద్దిగానే ఉంటాయి: మామూలు సెడాన్ కారు ఏ రోడ్డులో ఎంతవరకు వెళ్తుంది, మంటల మీద ప్రస్తుతం ఏ ఆంక్షలు ఉన్నాయి, ఎలుగుబంట్ల కోసం ఆహారం దాచే పద్ధతిపై ఉత్తర్వు ఉందా, ఎన్ని రోజులు ఉండవచ్చు. సాధారణంగా ఒకేచోట 14 రోజులు గరిష్ఠ పరిమితి. రద్దీ ఉన్నచోట ఇంకా తక్కువ.

మంటల విషయం మాత్రం వివరంగా చెప్పాలి. వేసవిలో పశ్చిమ రాష్ట్రాల్లో ఆంక్షలు దశలవారీగా పెరుగుతాయి. తొలిదశలో, సౌకర్యాలు లేని ఇలాంటి విడి స్థలాల్లో కట్టెల మంట నిషేధిస్తారు. మీట తిప్పి గ్యాసు ఆపగలిగే స్టవ్వును చాలాచోట్ల అనుమతిస్తారు. కాలిఫోర్నియాలోని ఫెడరల్ అడవుల్లో ఇలాంటి విడి స్థలాల్లో గ్యాసు స్టవ్వు వెలిగించాలన్నా క్యాంప్‌ఫైర్ పర్మిట్టు ఉండాలి. అది ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది. మంట అనుమతించినచోట కూడా బూడిద చేత్తో తాకితే చల్లగా ఉండేదాకా నీళ్ళు పోసి కలిపి ఆర్పాలి. నిర్లక్ష్యంతో అడవి అంటుకుంటే ఆర్పడానికైన ఖర్చు మన మీద పడవచ్చు. అటవీ ఉత్తర్వులను ఉల్లంఘిస్తే 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. వీసా దరఖాస్తుల్లో అరెస్టులు, శిక్షల గురించి ప్రశ్న ఉంటుంది గనుక, అటువంటి నోటీసు చేతికి వస్తే జరిమానా కట్టేసి మరిచిపోకుండా, ముందు ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించండి.

వీసా మీద ఉన్న పెద్దలు తమ ఐ-94 (దేశంలోకి ప్రవేశించిన రికార్డు) ప్రతిని వెంట ఉంచుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. దక్షిణ అరిజోనా, న్యూమెక్సికో, టెక్సాస్ దారుల్లో బోర్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలు ఎదురవుతాయి, పాస్‌పోర్టు కూడా దగ్గర ఉంటే మంచిది. అద్దె కార్ల ఒప్పందాలు చాలావాటిలో మట్టిరోడ్డు నిషేధం. అక్కడ టైరు పోతే బీమా వర్తించకపోవచ్చు.

చోటు ఎంచుకునేటప్పుడు అప్పటికే ఎవరో వాడి గట్టిపడిన నేలనే తీసుకోండి, వాగుకూ చెరువుకూ 200 అడుగుల దూరం పాటించండి. మలవిసర్జనకు కూడా అంతే దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తీసి కప్పెయ్యాలి. వాడిన కాగితాన్ని సంచిలో వెనక్కి తేవడం మేలు. పులిహోర, ఆవకాయ, అంట్లు కడిగిన నీళ్ళు, పళ్ళపొడి, అన్నిటి వాసనా ఎలుగుబంటికి ఆహ్వానమే, కాబట్టి టెంటులో ఏదీ పెట్టకూడదు. ఎండిన చెట్ల కింద టెంటు వద్దు. అరిజోనాలో జూలై, ఆగస్టు నెలల్లో ఎండిన వాగుల్లో పడుకోవద్దు. ఎక్కడో కురిసిన వాన వరదగా దిగుతుంది.

ఫోను సిగ్నలు ఉండదని అనుకునే బయలుదేరాలి. ఐఫోన్ 14 మొదలు తరువాతి మోడళ్ళలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపవచ్చు గాని, దట్టమైన చెట్ల కింద అది మొరాయిస్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్ళండి. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల మంచినీళ్ళు పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రానికి దగ్గరి స్థలాలన్నీ నిండిపోతాయి కనుక వెలుతురు ఉండగానే చేరుకోండి, మొదటి చోటు దొరకకపోతే వెళ్ళడానికి అదే పటంలో మరొక రోడ్డును ముందుగానే గుర్తు పెట్టుకోండి.