నెలకు 21,800 రూపాయలు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 38. ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను, చేతికి 58,000 వస్తుంది. నా భార్య ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని, ఆమె జీతం 22,000. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు నాలుగేళ్లు, మా అమ్మకు 71. నాన్న మూడేళ్ల క్రితం పోయారు. నెలకు అద్దె 13,000, చీటీ 10,000, బండి వాయిదా 4,200 (ఇంకా తొమ్మిది ఉన్నాయి), కిరాణా, పాలు, కూరలు, గ్యాస్ కలిపి 17,000, కరెంటు, ఫోన్లు 3,500, పెట్రోలు 4,000, అమ్మ మందులు 3,000, క్రెడిట్ కార్డుకు కనీస మొత్తం 3,500. కార్డు బాకీ 68,000, దాని మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం. లక్షన్నర బంగారం లోను ఉంది. మూడు ఎల్‌ఐసీ పాలసీలున్నాయి. మా ఇద్దరి పేర్ల మీద ఐదు బ్యాంకు ఖాతాలు, వాటన్నిటిలో కలిపి 46,000 ఉన్నాయి. లెక్క ప్రకారం నెలకు 21,800 మిగలాలి. కానీ ఇరవయ్యో తారీఖు దాటితే చేబదులు తప్పడం లేదు. ఒక స్నేహితుడు వెంటనే 5,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టమంటున్నారు, ఏజెంటు పన్ను ఆదా కోసం నాలుగో పాలసీ తీసుకోమంటున్నారు. రోజువారీ ఖర్చులు రాయడం రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నమస్కారం. ఖర్చులు రాయడం మానేసినందుకు మీరు నొచ్చుకోనక్కర్లేదు. పాతకాలపు కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు ఖర్చు ఆ రోజు చిట్టాలో పడేది, ఆ తరవాత ఏ పద్దు కిందిది ఆ పద్దులోకి ఆవర్జాకు ఎక్కేది. ఇళ్లలో లెక్కలు రాసేవారు చిట్టా రాస్తారు గానీ ఆవర్జా దాకా రారు. అందుకే టీకి పదిహేను, ఆటోకు నలభై అని నెల రోజులు రాసినా చివరికి తేలేదేమీ ఉండదు. మీకు ఇప్పుడు కావలసింది రోజు లెక్క కాదు, ఏడాది లెక్క. మీ ఉత్తరంలో నెలకొకసారి వచ్చే ఖర్చులన్నీ ఉన్నాయి, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవి ఒక్కటీ లేవు. ఆ వివరాలు అడిగినప్పుడు మీరు పంపిన అంకెలను ఒకచోట చేర్చి చూద్దాం.

మూడు పాలసీల ప్రీమియం 54,000. పిల్లలిద్దరి ఫీజులు 1,10,000, పుస్తకాలు, యూనిఫారాలు మరో 20,000. పండుగలకు బట్టలు, పిండివంటలు 30,000. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు ప్రయాణాలు, చదివింపులు 24,000. బండి బీమా, సర్వీసింగు 7,000. బంగారం లోనుకు వడ్డీ ఏడాదికి 15,000. మొత్తం 2,60,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 21,667 రూపాయలు. మీరు వెతుకుతున్న 21,800కు, దీనికి తేడా 133 రూపాయలే.

అంటే మీ ఇంట్లో దుబారా లేదు. ఏడాది ఖర్చులను నెల జీతం మీదికి వదిలేయడమే ఇబ్బందికి కారణం. జూన్‌లో ఫీజులు వచ్చిపడితే ఆ నెల కార్డు గీస్తారు. శ్రావణంలో రెండు పెళ్లిళ్లు వస్తే చేబదులు తెస్తారు. ఆ బాకీలు తీర్చడానికి తరవాతి నెలల జీతం పోతుంది. ఖర్చు ముందే తెలిసినదైనా, దానికి డబ్బు ముందుగా పక్కన లేకపోవడం వల్ల ప్రతిసారీ అది ఆపదలాగే కనిపిస్తుంది.

మీ ఇంటి అంకెలలో ఒక సౌలభ్యం ఉంది. ఏడాది ఖర్చులకు నెలకు కావలసింది 21,667, మీ శ్రీమతి జీతం 22,000. నెల ఖర్చులు 58,200, మీ జీతం 58,000. కాబట్టి ఆమె జీతం పడే ఖాతాను పూర్తిగా ఏడాది ఖర్చులకే ఉంచండి. దానికి యూపీఐ కలపవద్దు, డెబిట్ కార్డు బీరువాలో ఉండనివ్వండి. ఫీజులు, ప్రీమియాలు, పండుగలు, చదివింపులు, లోను వడ్డీ మాత్రమే అందులోంచి పోవాలి. మీ జీతం ఖాతా నుంచి అద్దె, చీటీ, వాయిదా, బిల్లులు మొదటి వారంలోనే వెళ్లిపోవాలి. మూడో ఖాతా ఇంటి ఖర్చుల కోసం. కిరాణా, పెట్రోలు, మందులకు కలిపి 24,000 కదా, దానిని నెలకు నాలుగు విడతలుగా 6,000 చొప్పున అందులోకి పంపి, మీ ఇద్దరి ఫోన్లలోని యూపీఐని ఆ ఒక్క ఖాతాకే కట్టండి. విడత మధ్యలో నిల్వ 800కు దిగిందంటే చేయి బిగించాలని ఏ పుస్తకమూ రాయకుండానే తెలిసిపోతుంది. ఆఖరి విడత చాలా నెలల్లో తొమ్మిది, పది రోజులకు సరిపెట్టాల్సి వస్తుంది, అది కొంచెం కష్టమే.

మొదటి ఏడాది ఈ పద్ధతి సాఫీగా సాగదని ముందే చెప్పాలి. ఏడాది ఖాతాలో డబ్బు నిండకముందే ఫీజులు రావచ్చు. ఐదు ఖాతాల్లో చెల్లాచెదురుగా ఉన్న 46,000ను అందులో చేర్చి పునాదిగా ఉంచండి. ఆపద వచ్చినా, ఫీజు ముందుగా వచ్చినా ఈ ఏడాదికి ఆ మొత్తమే రెండు పనులూ చేయాలి.

ఇప్పుడు బాకీల సంగతి. మన ఊళ్లలో ఎవరైనా నూటికి మూడున్నర వడ్డీకి అప్పు తెచ్చారంటే ఇంట్లో పెద్దలు ఆ రాత్రి నిద్రపోరు. నూటికి రెండంటేనే ఎక్కువని బేరమాడతారు. మీ క్రెడిట్ కార్డు వడ్డీ అక్షరాలా నూటికి మూడున్నర రూపాయలు, ఏడాదికి 42. శాతాల్లో చెప్పడం వల్ల, కనీస మొత్తం కడితే చాలన్న మాట వల్ల ఆ బరువు తెలియదు. 68,000 మీద నెల వడ్డీ 2,380, దాని మీద 18 శాతం జీఎస్టీ 428, వెరసి 2,808. మీరు కట్టే 3,500లో అసలుకు జమయ్యేది 692 రూపాయలు మాత్రమే. పైగా పాత బాకీ నిల్వ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ బాకీ ఉండగా సిప్ మొదలుపెట్టడం అడుగున చిల్లు ఉన్న బిందెలో నీళ్లు పట్టడమే. మీ స్నేహితుడి సలహా మంచిదే, మీకు దాని వేళ ఇంకా రాలేదు.

దీనికి మార్గం మీ చీటీలోనే ఉంది. రెండు లక్షల చీటీ, ఇరవై నెలలు, పదకొండు కట్టారు, ఇంకా పాడలేదని రాశారు. సాధారణంగా చీటీని చివరిదాకా ఆపితేనే లాభమని మనవాళ్లు అనుకుంటారు. అప్పు లేనివారికి అది నిజమే. మీ విషయంలో లెక్క వేరు. చివరిదాకా ఆగితే వచ్చేదాని కంటే 20,000 తక్కువకు పాడి, ఇప్పుడు 1,80,000 తీసుకున్నారనుకుందాం. అందులో 68,000తో కార్డు బాకీ తీర్చేస్తే నెలకు 2,380 వడ్డీ ఆగుతుంది. మిగిలిన 1,12,000 బంగారం లోనుకు కడితే, ఏడాదికి పది శాతం చొప్పున నెలకు మరో 933 ఆగుతుంది. తొమ్మిది నెలలకు ఈ రెండూ కలిపి 29,800 రూపాయలు, జీఎస్టీ లెక్కలోకి తీసుకోకుండానే. 20,000 వదులుకుని దాదాపు 30,000 మిగుల్చుకుంటారు. సగం నెలలు దాటాక అవసరం ఎక్కువున్నవారు చాలామంది పాడేసి ఉంటారు కాబట్టి పాట మరీ పైకి పోయే అవకాశం తక్కువ. వదులుకునేది 25,000 దాటితే ఆ నెల ఆగి, తరవాతి నెల చూడండి.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ చీటీ తెలిసినవారి దగ్గర, రిజిస్ట్రేషన్ లేకుండా నడుస్తోందని రాశారు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా ఇంత మొత్తం చీటీ నడపకూడదు. నడిపేవారు ఎంత మంచివారైనా, సభ్యుల్లో ఇద్దరు ముగ్గురు కట్టడం మానేస్తే ఇంకా పాడనివారే నష్టపోతారు. పాడిన తరవాత మిగిలిన తొమ్మిది వాయిదాలు గడువు తప్పకుండా కట్టడం మాత్రం మీ బాధ్యత. ఇది ముగిశాక చీటీయే వేయాలనుకుంటే రిజిస్టరైన సంస్థలోనే వేయండి.

కార్డు బాకీ తీరిన నెల నుంచి దానికి కట్టే 3,500 ఆగుతుంది, ఇప్పుడున్న 200 లోటు పోను మీ జీతంలో 3,300 మిగులుతుంది. దానిని మొదట బీమాకు వాడమని నా సలహా. 54,000 ప్రీమియం కడుతున్న మూడు పాలసీల బీమా మొత్తం కలిపి ఆరు లక్షలని చెప్పారు. మీకేమైనా అయితే ఆ ఆరు లక్షలు మీ జీతం లెక్కన పదకొండు నెలలకు కూడా సరిపోవు. పొదుపు కలవని టర్మ్ పాలసీ కనీసం 75 లక్షలకు, అరవై ఏళ్ల వయసు వచ్చేదాకా తీసుకోండి. ఇప్పుడు కడుతున్న ప్రీమియంలో కొద్ది భాగానికే అది వస్తుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాలపై జీఎస్టీ కూడా లేదు. ఆ పని పూర్తయ్యేలోగా మీ ఇద్దరూ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన జ్యోతి (ఏడాదికి 436), సురక్షా బీమా (ఏడాదికి 20) పథకాల్లో చేరండి. ఇద్దరికీ కలిపి 912 రూపాయలు. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణించినా రెండేసి లక్షలు ఇస్తుంది.

పాత పాలసీలను కోపంతో రద్దు చేయవద్దు. ఒక్కొక్కదానికి ఇప్పుడు సరెండర్ చేస్తే (గడువుకు ముందే వదులుకుంటే) ఎంత వస్తుంది, ప్రీమియం ఆపి పెయిడప్‌గా మారిస్తే గడువు తీరాక ఎంత వస్తుంది, చివరిదాకా కడితే ఎంత వస్తుంది అన్నది శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మూడు నాలుగేళ్లలో గడువు తీరేవి కొనసాగించడమే మేలు, పదిహేనేళ్లు మిగిలినదాని విషయంలో మాత్రం ఆలోచించాలి. నాలుగో పాలసీ అవసరమే లేదు. కొత్త పన్ను విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి జీతగాళ్లకు 12,75,000 వరకు పన్ను లేదు, మీ జీతం ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. లేని పన్నును ఆదా చేయడానికి పాలసీ ఎందుకు? బీమా ప్రీమియాలకు ఇచ్చే 80సీ మినహాయింపు కొత్త విధానంలో ఎలాగూ వర్తించదు.

మీ సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమాలో అమ్మగారి పేరు లేదని రాశారు. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల వరకు ఆసుపత్రి చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఆధార్‌తో నమోదు చేయించి, మీ ఊళ్లో ఏయే ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

పొదుపు పథకాల్లో ఒక్కటి మాత్రం వాయిదా వేయకూడదు. సుకన్య సమృద్ధి ఖాతాను ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే తెరవాలి. మీ పాపకు ఎనిమిది. ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా నిలుస్తుంది కాబట్టి ఈ నెలలోనే పోస్టాఫీసుకు వెళ్లి తెరవండి, పెద్ద మొత్తాలు తరవాత కట్టవచ్చు. తొమ్మిది నెలల తరవాత చీటీ, బండి వాయిదా రెండూ ముగిసి నెలకు 14,200 ఖాళీ అవుతుంది. సుకన్య, సిప్, ఆపదలకు నిల్వ, వీటి గురించి అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

మిగిలిన రెండు ఖాతాలు పాత ఉద్యోగాల జీతం ఖాతాలు. జీతం పడడం ఆగాక అవి మామూలు పొదుపు ఖాతాలుగా మారి, కనీస నిల్వ లేదని రుసుములు పడుతూ ఉండవచ్చు. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే ఖాతా నిద్రాణమవుతుంది, పదేళ్లు దాటితే డబ్బు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి వెళ్తుంది. అడిగితే తిరిగి వస్తుంది గానీ ఆ తిరుగుడు ఎందుకు? ఆ రెండూ మూసేయండి. మూసే ముందు పీఎఫ్ యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరులో), గ్యాస్ రాయితీకి, ప్రీమియం కోతకు ఏ ఖాతా నమోదై ఉందో చూడండి. పాత సంస్థల పీఎఫ్ ఇప్పటి ఖాతాలోకి బదిలీ అయిందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

మీరు పంపిన వివరాల చివర రాసిన ఒక మాట నన్ను ఆపింది. ఒక పాలసీలో నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉందన్నారు. బ్యాంకు ఖాతాలు, పీఎఫ్, పాలసీలు, అన్నింటిలో నామినీ పేరు ఈ నెలలోనే సరిచూడండి. ఆ తరవాత ఒక తెల్లకాగితం మీద ఏ బ్యాంకులో ఏ ఖాతా, పాలసీ నంబర్లు, యూఏఎన్, ఎవరికి ఎంత ఇవ్వాలి, బంగారం ఏ శాఖలో తాకట్టులో ఉంది అన్నవి రాసి, అసలు పత్రాలతో కలిపి ఒకే ఫైలులో బీరువాలో పెట్టండి. పిన్ నంబర్లు, పాస్‌వర్డులు అందులో రాయవద్దు. ఆ కాగితాన్ని మీరు ఒక్కరే కూర్చుని రాయకుండా మీ శ్రీమతిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఏడాది ఖాతా ఇకపై ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి ఫీజులు ఏ నెలలో వస్తాయో, ప్రీమియం గడువులు ఎప్పుడో ఆమెకే ముందు తెలియాలి. వచ్చే చీటీ పాట తేదీని కూడా ఆ కాగితం పైభాగాన రాసుకోండి.