డైపర్ మానిపించే వేళ ఎలా తెలుస్తుంది?

పిల్లల ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ళ మూడు నెలలు. ఆయి వచ్చినప్పుడల్లా బీరువా వెనక్కి వెళ్ళి నిలబడి, డైపర్‌లోనే కానిచ్చి, ఆ తరువాత వచ్చి విప్పమంటాడు. పాటీ మీద కూర్చోబెడితే మాత్రం ఒళ్ళు బిగబట్టి ఏడుస్తాడు. మా వారికి ఏడాది నిండకముందే అలవాటు చేశామని అత్తగారు అంటున్నారు. జూన్‌లో ప్లేస్కూలుకు డైపర్ లేకుండా పంపాలట. వచ్చే నెలలో నాకు రెండో కాన్పు, పురిటికి పొదిలిలోని పుట్టింటికి వెళ్తున్నాను. ఈలోపే అలవాటు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: బీరువా వెనక్కి వెళ్ళడాన్ని మీరు సమస్యగా రాశారు గానీ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించిన సంగతి అదే. మలం రాబోతున్నదని మీ బాబుకు ముందుగానే తెలుస్తోంది. తెలిశాక తనకు నచ్చిన చోటికి నడిచి వెళ్ళేంతసేపు ఆపుకోగలుగుతున్నాడు. అయిపోయాక ఆ మురికి భరించలేక విప్పమని అడుగుతున్నాడు. శరీరం వరకు అతను చాలా దూరం వచ్చినట్టే. ఇంకా ఒప్పుకోనిది మనసు, అది ఒప్పుకోనంతవరకు మిగిలిన లక్షణాలు ఎన్ని ఉన్నా పని ముందుకు సాగదు.

మూత్రం సంగతి విడిగా గమనించాలి. ఇప్పుడు దొరికే డైపర్లు తడిని ఎంతగా పీల్చేస్తాయంటే, తడిసిన సంగతి బిడ్డకూ తెలియదు, తల్లికీ తెలియదు. అందుచేత ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఇంట్లో ఉన్నంతసేపు పలుచని నూలు నిక్కరు వేసి చూడండి. రెండు గంటలపాటు పొడిగా ఉంటున్నాడా, మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పక్క తడవకుండా ఉందా, పోసేటప్పుడు ఒక్క క్షణం ఆగి కిందికి చూసుకుంటున్నాడా అన్నవి గమనించాల్సిన సంగతులు. నిక్కరు తానే కిందికి లాక్కోగలగాలి; గుండీలూ జిప్పులూ ఉన్నవి వేసి ఆ పని అతని చేత కావడం లేదనుకోవడం న్యాయం కాదు, నడుముకు ఎలాస్టిక్ ఉన్నవే వేయండి. "గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి రా" వంటి మాట విని ఆ పని చేసుకొని రావడం, ఉచ్చ అనో ఆయి అనో మీ ఇంట్లో వాడే మాటను తానూ పలకడం లేదా సైగ చేయడం కూడా లెక్కలోకి వస్తాయి. ఈ లక్షణాలు పద్దెనిమిది నెలల వయసు నుంచి ఒక్కొక్కటిగా కనిపించడం మొదలై, ఎక్కువమంది పిల్లలకు రెండు, మూడేళ్ళ మధ్య పగటిపూట అదుపు వస్తుంది. రాత్రి అదుపు వేరే విషయం; అయిదేళ్ళ పిల్లలు పక్క తడిపినా జబ్బు అనుకోనక్కరలేదు.

మీ అత్తగారు అన్నది అబద్ధం కాదు. పసిబిడ్డను పాదాల మీద కూర్చోబెట్టుకొని, "స్స్" అని శబ్దం చేస్తూ, పాలు తాగిన కాసేపటికీ నిద్ర లేవగానే కూర్చోబెట్టే పద్ధతి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగవారు పుట్టిన కొద్ది వారాలకే ఇటువంటి పద్ధతి మొదలుపెడతారని 1977లో ఒక వైద్య పత్రికలో వివరంగా వచ్చింది. అయితే అక్కడ వేళ కనిపెట్టేది పెద్దవాళ్ళు; బిడ్డ ఆ శబ్దానికి అలవాటు పడుతుంది. రోజంతా బిడ్డను కనిపెట్టుకొని ఉండే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు అది చక్కగా సాగుతుంది. మీరు ఇప్పుడు కోరుతున్నది వేరు: బిడ్డే గుర్తించి, చెప్పి, వెళ్ళి, విప్పుకొని కూర్చోవాలి. ఈ రెంటినీ ఒకే కొలతతో కొలిచి కోడలిని తప్పుపట్టవద్దని అత్తగారికి నా మాటగా చెప్పండి.

రెండేళ్ళ వయసులో "వద్దు" అనడమే పిల్లలకు పెద్ద పని. అన్నం, స్నానం, చొక్కా దేనికైనా వద్దంటారు. వాటిలో మనం ఎలాగో నెగ్గుకొస్తాం గానీ, మలం విడవడం బిడ్డ చేతిలో ఉన్న పని, అందులో మనం నెగ్గలేం. అమెరికా శిశువైద్యుడు బ్రేజెల్టన్ 1962లో వెయ్యిమందికి పైగా పిల్లల అనుభవాన్ని ప్రచురించి, బిడ్డ ఇష్టం చూపాకే ఒక్కొక్క మెట్టుగా నడపాలని చెప్పాడు. ముందు పాటీని ఇంట్లో ఒక చోట ఉంచి, బట్టలు వేసుకొనే దాని మీద కూర్చోనివ్వడం. కొన్నాళ్ళకు బట్టలు లేకుండా కూర్చోబెట్టడం. ఆ తరువాత డైపర్‌లోని మలాన్ని బిడ్డ చూస్తుండగా అందులో వేయడం. మీ బాబు బిగుసుకుంటున్నాడు కనుక ఇప్పటికి ప్రయత్నం మానుకొని, పాటీని ఆ బీరువా వెనకే ఉంచండి. ఆ చోటు ఎంచుకున్నది అతనే కదా.

ఇక వచ్చే నెలలోపు అలవాటు చేయాలన్న ఆలోచన విరమించుకోండి. ఇల్లు మారుతుంది, తండ్రి కావలిలోనే ఉంటాడు, చెల్లో తమ్ముడో వచ్చి అమ్మ ఒడిని ఆక్రమిస్తారు. అంతకుముందే అలవాటు పడిన పిల్లలు సైతం ఇటువంటప్పుడు మళ్ళీ తడుపుతారు. పుట్టింటికి పాటీని వెంట తీసుకెళ్ళండి, ఇష్టపడితే కూర్చుంటాడు. పెరట్లో ఉండే మరుగుదొడ్డిలో పలకల మధ్య దూరం చిన్న కాళ్ళకు అందదు, ఆ గుంత చూస్తే భయం కూడా. బిడ్డ పుట్టి కొన్ని వారాలు గడిచి, బాబు కుదుటపడ్డాక మొదలుపెట్టవచ్చు. జూన్ నాటికి కాకపోతే ప్లేస్కూలు వాళ్ళతో మాట్లాడండి. మూడేళ్ళు నిండని పిల్లవాడిని ఒక నిక్కరు మార్చవలసి వస్తుందని వద్దనే బడి మీకు అంత అవసరమా అన్నది కూడా ఆలోచించదగిన విషయమే.

మొదలుపెట్టాక, అన్నం తిన్న పావుగంట, అరగంటకు కూర్చోబెట్టండి. కడుపు నిండితే పేగులు సహజంగానే కదులుతాయి. పాదాలు నేలకు ఆనాలి, కమోడ్ అయితే కాళ్ళ కింద పీట వేయాలి, లేకపోతే ముక్కడానికి పట్టు దొరకదు. అయిదు నిమిషాలు చాలు. సెల్‌ఫోను చేతికిచ్చి అరగంట కూర్చోబెట్టకండి. తడిపినప్పుడు "షేమ్ షేమ్" అని చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతుంటే మీరు అడ్డుపడాలి.

మలం గట్టిగా వస్తోందా అన్నది మాత్రం ఇప్పుడే చూసుకోండి. ఒకసారి నొప్పి తగిలితే పిల్లలు బిగబడతారు, బిగబట్టిన కొద్దీ అది ఇంకా గట్టిపడుతుంది, ఆ బాధను పాటీకి అంటగట్టి దాన్ని చూస్తేనే ఏడుస్తారు. రోజుకు అరలీటరుకు మించి పాలు తాగి, అన్నం సరిగా తినని పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తాం. పాలు తగ్గించి నీళ్ళు, ఆకుకూర పప్పు, సపోటా, బొప్పాయి పెట్టండి. రక్తపు చారలు కనబడినా, మూడు నాలుగు రోజులకొకసారి కష్టంగా వెళ్తున్నా ముందు డాక్టరుకు చూపించి, అది చక్కబడ్డాకే పాటీ సంగతి.

ప్రశ్న: మా మనవరాలికి మూడున్నరేళ్ళు. ఎనిమిది నెలలుగా చక్కగా చెప్పి బాత్రూముకు వెళ్తున్న పిల్ల, వారం రోజులుగా గౌను తడుపుకుంటోంది. పోసేటప్పుడు ఏడుస్తోంది. గారాబమని కోడలు కోప్పడుతోంది.
– ఒక జేజి, కనిగిరి

జవాబు: అమ్మా, ఇది గారాబం కాదు. అలవాటైన పిల్ల ఉన్నట్టుండి తడపడం, పోసేటప్పుడు మంట ఉండటం మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ను సూచిస్తాయి. జ్వరం ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. దాహం బాగా పెరిగి, పిల్ల చిక్కిపోతూ ఉంటే చక్కెర పరీక్ష కూడా ఆ పూటే చేయించండి. మందుల దుకాణంలో యాంటిబయోటిక్ కొని వేయకండి. మూత్ర పరీక్షకు ముందే మందు పడితే కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరకకపోవచ్చు. పరీక్షకు మూత్రం పట్టేటప్పుడు నీళ్ళతో శుభ్రంగా కడిగి, మొదటి ధార వదిలేసి తరువాతిది ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. ఇంటి దగ్గర పట్టి ఎండలో మోసుకెళ్ళే బదులు, పిల్లకు నీళ్ళు తాగించి ల్యాబ్‌కే తీసుకెళ్ళి అక్కడ పట్టడం మేలు.