ఎర్ర బంతి, పసుపు బంతి, మధ్యలో పంచాయితీ

స్నూకర్, పూల్ గురించి సందేహాలుంటే రాయమన్నాం, ఉత్తరాలు బాగానే వచ్చాయి. తిరుపతి నుంచి ఎక్కువ, చిత్తూరు నుంచి కొన్ని. చాలావాటిలో అసలు గొడవ ఒకటే: ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టనంటున్నాడు, మీరే తీర్పు చెప్పండి అని. పేర్లు తీసేసి వేస్తున్నాం.

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి): అన్నా, మా పార్లర్‌లో ఎర్ర, పసుపు బంతుల చిన్న టేబుల్ ఉంది. నేను కొట్టిన తెల్ల బంతి పాకెట్‌లో పడిపోయింది. మా ఫ్రెండ్ దాన్ని తీసుకుని తనకు నచ్చిన చోట పెట్టి ఆడతానన్నాడు, ఫోన్ గేమ్‌లో అంతే కదా అంటాడు. నేనేమో టేబుల్ మీద ఒక చివర ఉండే అడ్డగీత వెనక పెట్టాలి, కావాలంటే రెండు షాట్లు తీసుకో అన్నాను. ఎవరిది కరెక్ట్?

జవాబు: ఆ టేబుల్ మీద నీ మాటకే బలం ఎక్కువ తమ్ముడూ, కానీ మీ ఫ్రెండ్ గాల్లోంచి చెప్పిందేమీ కాదు. ఫోన్‌లో ఆడేది అమెరికన్ పూల్. దాని టేబుల్ 9 అడుగులు, బంతులు 57 మిల్లీమీటర్లు, సగం బంతుల మీద చారలు, సగం నిండు రంగు. అందులో ఫౌల్ అయితే ఎదుటివాడు తెల్ల బంతిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మీ పార్లర్‌లో ఉన్నది ఇంగ్లిష్ పూల్ టేబుల్. సాధారణంగా 7 అడుగులు ఉంటుంది, 6 అడుగులవీ దొరుకుతాయి. బంతులు 2 అంగుళాలు, ఏడు ఎర్రవి, ఏడు పసుపు, ఒక నల్లది. పాకెట్ నోరు స్నూకర్ టేబుల్ లాగే గుండ్రంగా వంగి ఉంటుంది, అందుకే అంచుకి తగిలిన బంతి లోపలికి పోకుండా బయటికొచ్చేస్తుంది.

ఈ టేబుల్‌కి ఇంగ్లండ్ పబ్బుల్లో పుట్టిన పాత పద్ధతి, ఫౌల్ అయితే ఎదుటివాడికి రెండు షాట్లు. తెల్ల బంతి పడిపోతే గీత వెనక నుంచి ఆడాలి. ఆ తర్వాత వరల్డ్ రూల్స్ అని ఒకటి, బ్లాక్‌బాల్ అని ఇంకొకటి వచ్చాయి. బ్లాక్‌బాల్‌లో ఫౌల్ తర్వాత దొరికే ఫ్రీ షాట్‌లో ఎదుటివాడి రంగు బంతిని ముందు తగిలినా తప్పు లేదు. ఈమధ్య కొన్ని పెద్ద పోటీల్లో ఇంగ్లిష్ టేబుల్ మీదా తెల్ల బంతిని చేతికిచ్చి ఎక్కడైనా పెట్టుకోనిచ్చే పద్ధతి పెట్టారు, అంటే మీ ఫ్రెండ్ వాదన పూర్తిగా తీసిపారేయలేం. పబ్బు రూల్స్ అయితే ఊరగాయ లాగా ఇంటికో రుచి, నల్ల బంతి దగ్గర ఒక షాటా రెండు షాట్లా అన్నది కూడా ఒక్కో చోట ఒక్కో రకం. కాబట్టి బ్రేక్, అంటే మొదటి షాట్, కొట్టకముందే మూడు సంగతులు నోటితో చెప్పుకోండి: ఫౌల్‌కి ఎన్ని షాట్లు, తెల్ల బంతి ఎక్కడ, నల్ల బంతికి ఎన్ని. ఈసారికి టేబుల్ డబ్బులు చెరి సగం.

ప్రశ్న (గ్రీమ్స్‌పేట, చిత్తూరు): టీవీలో స్నూకర్ రెఫరీ "ఫౌల్ అండ్ ఎ మిస్" అంటాడు, బంతులన్నీ మళ్లీ పాత చోట్లలో పెడతాడు. మా దగ్గర ఎవరూ అలా చేయరు. ఫ్రీ బాల్ అంటే కూడా చెప్పండి.

జవాబు: ముందు ఫౌల్ పాయింట్లు. స్నూకర్‌లో ఫౌల్‌కి తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 7. ఎర్ర బంతి కొట్టాల్సినవాడు ముందు నల్ల బంతిని తగిలితే 7 పాయింట్లు ఎదుటివాడి ఖాతాలో పడతాయి.

ఇక మిస్. మీరు స్నూకర్‌లో ఇరుక్కున్నారు, అంటే ఎర్ర బంతికి నేరుగా దారి లేదు. కుషన్, అంటే టేబుల్ అంచు, కొట్టి తప్పించుకుని వెళ్లాలి. తగలకపోయినా నష్టం లేని వైపు, కావాలనే కొంచెం తప్పించి కొడితే నాలుగు పాయింట్లు పోతే పోయాయి, తెల్ల బంతి మాత్రం సేఫ్‌గా ఆగుతుంది. ఈ తెలివిని ఆపడానికే మిస్ రూల్. సరైన ప్రయత్నం చేయలేదని రెఫరీకి అనిపిస్తే మిస్ అంటాడు. అప్పుడు ఎదుటివాడికి మూడు దారులు: తనే ఆడొచ్చు, ఉన్నచోటి నుంచే మిమ్మల్ని మళ్లీ ఆడించొచ్చు, లేదా బంతుల్ని పాత చోట్లలో పెట్టించి అదే షాట్ మళ్లీ కొట్టించొచ్చు. బంతి నిండుగా కనబడుతూ కూడా వరసగా మూడుసార్లు మిస్ చేస్తే ఫ్రేమే, అంటే ఆ ఆటే, పోతుంది.

పార్లర్‌లో రెఫరీ ఉండడు, ఏ బంతి ఎక్కడుందో గుర్తుపెట్టుకునేవాడు అసలే ఉండడు, పెట్టుకున్నా రెండోవాడు ఒప్పుకోడు. నన్నడిగితే బంతుల్ని వెనక్కి పెట్టే పని మానేసి, ఫౌల్ చేసినవాడితో మళ్లీ ఆడించే హక్కు మాత్రం ఉంచుకోండి. ఈ హక్కు ఏ ఫౌల్ తర్వాతైనా ఉంది, చాలామందికి తెలియక వదిలేసుకుంటున్నారు.

ఫ్రీ బాల్ అంటే, ఎదుటివాడు ఫౌల్ చేశాక మీరు కొట్టాల్సిన బంతి రెండు అంచులూ మీకు దొరక్కుండా కొట్టకూడని బంతి అడ్డం ఉంటే, వేరే బంతిని దాని బదులు ఎంచుకోవచ్చు. ఎర్ర బంతి వంతైతే, ఎంచుకున్నది నీలం అయినా దానికి 1 పాయింటే. ఆ తర్వాత మామూలుగా రంగు బంతి కొడతారు.

ప్రశ్న (యూనివర్సిటీ హాస్టల్, తిరుపతి): సొంత క్యూ (బంతి కొట్టే కర్ర) కొనాలనుంది. యాష్ మంచిదా, మేపుల్ మంచిదా? పూల్‌కీ స్నూకర్‌కీ ఒకటే సరిపోతుందా?

జవాబు: చెక్క గురించి ఇంత టెన్షన్ అవసరం లేదు. యాష్ మీద బాణాల్లాంటి గీతలు కనిపిస్తాయి, క్యూ ఎటు తిప్పి పట్టుకున్నారో వాటితో తెలుస్తుంది. మేపుల్ నున్నగా ఉంటుంది, గీతలు పెద్దగా కనబడవు. నాకు యాష్ ఇష్టం, అది ఇష్టమే తప్ప రూల్ కాదు. స్నూకర్ క్యూ టిప్, అంటే బంతికి తగిలే తోలు కొన, సాధారణంగా 9 నుంచి 10 మిల్లీమీటర్లు, ఇంగ్లిష్ పూల్‌కి 8 లేదా 8.5, అమెరికన్ పూల్‌కి 13 దాకా. హాస్టల్ విద్యార్థికి రెండు క్యూలు ఎందుకు, 9 లేదా 9.5 టిప్ తీసుకుంటే ఇంగ్లిష్ పూల్, స్నూకర్ రెండూ నడుస్తాయి. అమెరికన్ బంతులు బరువు, దానికి పార్లర్ క్యూ వాడండి. మీ క్యూ బరువు 17, 18 ఔన్సులు ఉంటే చాలు.

డబ్బులు చెక్క మీద తగ్గించి టిప్ మీద పెట్టండి. టిప్ అరిగి రేకులా అయిపోతే ఎంత ఖరీదైన క్యూ అయినా జారుతుంది. తోలు టిప్‌ని గుండ్రంగా, పాత రూపాయి బిళ్ల అంచు వంపులో ఉంచుకోవాలి, ప్రతి షాట్‌కీ కాకపోయినా మర్చిపోకుండా చాక్ రాయాలి. చెమట చేతులకి పౌడర్ పూసుకునేవాళ్లున్నారు, అదంతా టేబుల్ గుడ్డ మీదే రాలుతుంది, దాని బదులు తడి బట్టతో క్యూ తుడిచి వెంటనే పొడి బట్టతో తుడవండి. మే నెలలో అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారులో మాత్రం పెట్టొద్దు, వంకర తిరిగాక బాగుచేయడం దాదాపు కుదరదు.

ప్రశ్న (బాలాజీ కాలనీ, తిరుపతి): మా అబ్బాయి కాలేజీ అయ్యాక స్నూకర్‌కి పోతున్నాడు. చుట్టాలు అది జూదం అంటున్నారు. ఆపమంటారా?

జవాబు: ఆట జూదం కాదమ్మా. పందెం కట్టి ఆడితే జూదం, అది పేకకైనా క్రికెట్‌కైనా అంతే. స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య. ఊటీ క్లబ్బులో దానికి రూల్స్ రాసుకున్నారు. 1984లో ఓం అగర్వాల్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచారు, పంకజ్ అద్వానీకి పద్మభూషణ్ ఇచ్చారు. 2017లో ప్రొఫెషనల్ ఇండియన్ ఓపెన్ మన విశాఖపట్నంలోనే జరిగింది, జాన్ హిగిన్స్ గెలిచాడు. అయినా మీ భయాన్ని కొట్టిపారేయను. ఒకసారి చెప్పాపెట్టకుండా ఆ పార్లర్‌కి వెళ్లి చూడండి. పొగ, పందేలు కనిపిస్తే వేరే చోటు చూసుకోమనండి. ఇంకా, టేబుల్ డబ్బులు ఎవరు కడుతున్నారో అడగండి. రోజూ మీవాడే కడుతున్నాడంటే ముందు కోచింగ్ కావాలి.

ప్రశ్న (చంద్రగిరి): మేడ మీద గదిలో టేబుల్ వేయాలనుకుంటున్నాం. గది 16 అడుగులు, 13 అడుగులు.

జవాబు: 7 అడుగుల పూల్ టేబుల్ సరిగ్గా పడుతుంది, చుట్టూ క్యూ వెనక్కి లాగడానికి చోటుంటుంది. ఫుల్ సైజు స్నూకర్ మర్చిపోండి, దాని ఆట స్థలమే దాదాపు 12 అడుగులు, 6 అడుగులు, గది 22కి 16 ఉండాలి. కింద రాతి పలకలతో కలిపి బరువు టన్ను దాటుతుంది, మేడ మీదంటే ఇంజినీర్‌కి చూపించకుండా మాట కూడా ఎత్తొద్దు.

ప్రశ్న (రేణిగుంట): చిన్న పార్లర్ నడుపుతున్నాను. నవంబర్ వానలు మొదలైతే స్నూకర్ టేబుల్ బరువెక్కినట్టు ఆడుతుంది, బంతి సగంలో ఆగిపోతుంది. గుడ్డ మార్చాలా?

జవాబు: అప్పుడే వద్దు. స్నూకర్ గుడ్డ ఉన్నిది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. పెద్ద పోటీల్లో టేబుల్ కింద హీటర్లు పెట్టేది అందుకే. మీరు రోజూ ఆట అయ్యాక బ్రష్ చేయండి, ఎప్పుడూ డీ (అడ్డగీత దగ్గరి అర్ధచంద్రం గుర్తు) ఉన్న వైపు నుంచి నల్ల బంతి వైపుకే, ఎందుకంటే నూగు అటే వాలి ఉంటుంది. ఎదురు బ్రష్ చేస్తే నూగు లేచి, నెమ్మదిగా వెళ్లే బంతి పక్కకి లాగుతుంది, కస్టమర్లు టేబుల్ వాలిందంటారు. బ్రష్ తర్వాత టేబుల్ కోసమే ఉండే ఇస్త్రీపెట్టెతో అదే దిశలో ఒకసారి పోనివ్వండి, వేడి మరీ ఎక్కువ వద్దు. రాత్రి కవర్ కప్పండి. బంతుల్ని కూడా కడిగి తుడవండి, చాక్ జిడ్డు పట్టిన బంతి తగిలినప్పుడు ఒక్క క్షణం అతుక్కుని తప్పు దారి పడుతుంది, ఆ తప్పు కూడా మీ గుడ్డ మీదకే వస్తుంది. ఇవన్నీ చేశాక జనవరి ఎండకి కూడా బంతి ఆగిపోతుంటే, నూగు అరిగి కింది నేత కనిపిస్తుంటే, అప్పుడు మార్చండి.