పోర్టు పేరు పూర్తిగా రాయి, చెల్లాయ్

చెల్లాయికి,

అమలాపురం కాలేజీలో కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ల గది కోసం నువ్వు రాసిన మాన్యువల్ చదివాను. భాష హాయిగా ఉంది. నా బెంగంతా తీగలు గుచ్చే పోర్టుల పేర్ల దగ్గరే.

"మూడో స్విచ్‌లో పదో పోర్టు" అన్నావు. మూడోది పైనుంచా, కిందనుంచా? ర్యాక్‌లో వరస రేపు మారొచ్చు. స్టాక్ (కేబుళ్లతో కలిసి ఒక్కటిగా పనిచేసే స్విచ్‌ల గుంపు) మాత్రం ఒక్కో స్విచ్ పెట్టె తనలో దాచుకున్న మెంబరు నంబరునే లెక్కలోకి తీసుకుంటుంది. సిస్కో క్యాటలిస్ట్ 9300లో గిగాబిట్‌ఈథర్‌నెట్ 3/0/10 అంటే మెంబరు 3, పెట్టెతోపాటు వచ్చిన పోర్టుల్లో 10. మధ్యలో సున్నాకు బదులు 1 ఉంటే అది పై నెట్‌వర్క్‌కు కలిపే అప్‌లింక్ మాడ్యూలు. పెద్ద కాలువ, పిల్లకాలువ, బోదె అని మన చేలకు నీటిదారి చెప్పుకునే వరసే ఇదీను. ఒక్క అంకె తప్పితే నీళ్లు పక్కవాడి చేలోకి పోతాయి.

వేరే కంపెనీ స్విచ్ జునిపర్ ఈఎక్స్‌లో లెక్క సున్నా నుంచి మొదలు. 1/0/1 అంటే సిస్కోలో మెంబరు 1, మొదటి పోర్టు. జునిపర్‌లో రెండో పెట్టె, రెండో పోర్టు. మోడలు చెప్పకుండా అంకెలు రాయకు. పేర్లు కుదించకు కూడా: "టీడబ్ల్యూ" అంటే టూగిగాబిట్ పోర్టో, ట్వెంటీఫైవ్‌గిగ్ పోర్టో ఎవరికి తెలుస్తుంది?

పాడైన పెట్టె మార్చే పనికి రెండు వాక్యాలే ఇచ్చావు. పేజీ ఇవ్వాల్సింది అక్కడే. కొత్తగా కొన్న పెట్టె నంబరు 1తో వస్తుంది. స్టాక్‌లో 1 అప్పటికే ఉంటే, ఖాళీగా ఉన్నవాటిలో చిన్న నంబరు తీసుకుంటుంది. పోయింది మెంబరు 3 ఒక్కటే అయి, మోడలూ అదే అయితే, 3వ నంబరు సెట్టింగులు దానికి అందుతాయి. వేరే స్టాక్ నుంచి ఊడదీసి తెచ్చిన పెట్టె అలా కాదు. అక్కడ 5గా ఉంటే, ఇక్కడ 5 ఖాళీగా ఉన్నప్పుడు 5గానే లేస్తుంది. ల్యాబు తీగలన్నీ ఏ సెట్టింగూ లేని 5/0/1, 5/0/2ల్లోకి పోతాయి. లైట్లు పచ్చగానే వెలుగుతాయి, అందుకే తప్పు తొందరగా దొరకదు. స్టాక్ కేబులు పెట్టకముందే విడిగా పవర్ ఇచ్చి "షో స్విచ్" కమాండుతో నంబరు చూడమను. 5 ఉంటే "స్విచ్ 5 రీనంబర్ 3" కొట్టి రీలోడ్ చేయాలి; అప్పటిదాకా పాత నంబరే. తర్వాత పవర్ తీసి, కేబుళ్లు బిగించి, మళ్లీ పవర్.

సాఫ్ట్‌వేర్‌కి "లేటెస్ట్" అనే మాట కొట్టెయ్. ఫైలు పేరులో 17.09.04 ఉంటే అలాగే ఎత్తి రాయి: 17.9 విడుదల, 4వ సవరణ. చివరి ఎస్‌పీఏలో ఎస్ డిజిటల్ సంతకానికి, పీ ప్రొడక్షన్‌కి గుర్తు. వచ్చిన పెట్టెలో వెర్షన్ వేరైతే "వీ-మిస్‌మ్యాచ్" అని చూపించి, స్టాక్‌లో పనికి దిగదు. వెర్షన్‌ను దానంతటదే సరిచేసే ఆటో-అప్‌గ్రేడ్, సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా విప్పి నడిపే ఇన్‌స్టాల్ మోడ్‌లోనే నడుస్తుంది, ఒకే ఫైలు నుంచి నడిపే బండిల్ మోడ్‌లో కాదు. ఆ తేడా తప్పక రాయి.

ఈ ఉత్తరంలో అన్నీ తెలుగులో రాశాను గానీ, మాన్యువల్‌లో కమాండ్లు, పోర్టు పేర్లు తెరమీద కనబడే ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచు. చూసి కొట్టేవాడు అక్షరం అక్షరం పోల్చుకోవాలి. మెంబరు నంబరు చీటీ పెట్టె ముఖానే అంటించమని మొదటి పేజీలో చెప్పు. ప్లాస్టిక్ చీటీ అను; మన వానాకాలం చెమ్మకి కాగితం నిలవదు.

ఆశీస్సులతో,
పెద్దన్నయ్య